ఉచిత కరెంటు తీసేసి నీటికి రేటు కడితే అనంతపురం బోర్లు బతుకుతాయా?

ప్రశ్న వేసిన తమ్ముడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. గార్లదిన్నె దగ్గర వాళ్ల నాన్నకు ఆరెకరాలు, రెండు బోర్లు. ఒకటి నిరుడు ఎండింది, ఇంకొకటి వేయాలని నాన్న పట్టుబడుతున్నాడట. అడిగింది క్లుప్తంగా ఇది: "కరెంటు ఉచితం, డ్రిప్పుకు 90 శాతం రాయితీ, హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ) నీళ్లకు ఎకరాకు నూరో రెండు నూర్లో తీరువా (నీటి పన్ను). ఇంత చవగ్గా ఇస్తే ఎవరైనా వృథా చేస్తారు కదా? రాయితీలు ఎత్తేసి, వాడినదానికి డబ్బు కట్టించుకుంటే పంటలు మారవా, బోర్లు నిలబడవా? లేక నేను ఏసీ గదిలో కూర్చుని మాట్లాడుతున్నానా?"

ఏసీ గది మాటేం కాదు, సరైన ప్రశ్నే. ఇదే ప్రశ్న ఊళ్లో రైతులూ వేసుకుంటారు, బయటికి అనరు అంతే. నేను డ్రిప్పు పథకంలో క్షేత్రస్థాయిలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు నార్పల వైపు మా చీనీ (బత్తాయి) తోట చూసుకుంటున్నాను. అందువల్ల రెండు వైపుల నుంచీ చెప్పగలను.

నేరుగా జవాబు: ధర పెడితే వాడకం కొంత తగ్గుతుంది. కానీ ముందు మానేసేది చిన్న రైతు. ఎక్కువ తోడేవాడు ఎక్కువ రోజులు తట్టుకుంటాడు. మన దగ్గర ఏ పంట వేయాలో తేల్చేవి మూడు: రోజుకు ఎన్ని గంటలు కరెంటు వస్తుంది, బోరులో నీళ్లు ఎంత లోతున ఉన్నాయి, పండినదాన్ని ఎవరు ఏ ధరకు కొంటారు. యూనిట్ రేటు వీటి తర్వాతే. రాయితీలు ఉండాలి. కాకపోతే ఇప్పుడవి నీళ్లు తోడినవాడికి అందుతున్నాయి, మిగిల్చినవాడికి పైసా రావడం లేదు. చిక్కంతా అక్కడ ఉంది.

కాలువతో మొదలుపెడతాను, అది తేలిక.

పెద్ద ప్రాజెక్టుల కింద నీటి తీరువా మొదటి పంట వరికి ఎకరాకు 200 రూపాయలు, ఆరుతడికి (మడి నింపకుండా అప్పుడప్పుడు తడిపే పంటలకు) 100. అంతకు ముందు వరికి 60 ఉండేది, 1990ల చివర్లో పెంచారు. 1997లో నీటి వినియోగదారుల సంఘాల చట్టం వచ్చింది. వసూలైన తీరువాలో కొంత ఆ సంఘాలకే తిరిగిచ్చి కాలువలు బాగు చేయించాలన్నది అప్పటి ఆలోచన. ఆలోచన మంచిదే. అంకెలు చూడు. ఎకరా మీద ఒక మిల్లీమీటరు నీళ్లు నిలిపితే 4,047 లీటర్లు. వరికి 1,200 మిల్లీమీటర్లు అనుకుంటే 48 లక్షల లీటర్ల పైమాట. రెండు వందలు పెట్టి భాగిస్తే రూపాయికి 24 వేల లీటర్లు. వేసవిలో చీనీ చెట్లను కాపాడుకోడానికి మనవాళ్లు తోలించుకునే ఐదువేల లీటర్ల ట్యాంకర్లు దాదాపు ఐదు, ఒక్క రూపాయికి!

ఇది చూసి ఎవరికైనా తీరువా పెంచాలనే అనిపిస్తుంది. సరే, పదింతలు చేద్దాం. ఎకరాకు 2,000. వరి మడికి దుక్కి నుంచి కోత దాకా ముప్పై వేల పైన పెట్టేవాడికి అది ఒక దఫా ఎరువు ఖర్చు. దానికోసం వరి మానేసి కొర్ర వేస్తాడా? వేయడు. పైగా తీరువా ఎకరా లెక్కన కడతాం, లీటరు లెక్కన కాదు. తూము పక్కనున్నవాడు రాత్రంతా మడి నింపుకున్నా అంతే, జాగ్రత్తగా తడిపినా అంతే. లీటరు లెక్కన తీసుకోవాలంటే ప్రతి పిల్లకాలువకూ కొలత కావాలి. ఉన్న తూములకు తలుపులే సరిగా లేవు, కొలతలెక్కడ?

వరికీ ఆరుతడికీ తీరువాలో తేడా వంద రూపాయలు. హెచ్చెల్సీని ఈ జిల్లాకు తెచ్చింది కరువు నేలకు ఒకటి రెండు తడులిచ్చి పంటను గట్టెక్కించడానికి, ఆయకట్టులో ఎక్కువ భాగాన్ని ఆరుతడికి కేటాయించింది అందుకే. ఎగువన కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు వెళ్లి చూడు, కనుచూపు మేర వరి. తప్పు పట్టడం లేదు. ఇంటి ముందు నీళ్లు పారుతుంటే, బియ్యానికి ఎప్పుడైనా గిరాకీ ఉంటే, ఎవరైనా వరే వేస్తారు. ఆ వంద రూపాయల తేడా వాళ్లను ఆపదు. దాని ఫలితం దిగువన చిత్రావతి రిజర్వాయరు, తాడిపత్రి, పులివెందుల వైపు ఎదురు చూసేవాళ్ల మీద పడుతుంది. తుంగభద్ర డ్యాములో పూడిక పేరుకుని, మొదట 133 టీఎంసీలు పట్టే జలాశయం ఇప్పుడు 105 టీఎంసీల దగ్గరికి వచ్చింది. 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు మనమంతా ఎంత టెన్షన్ పడ్డామో గుర్తుందిగా. నీళ్లు తగ్గిన ఏడాది ఎగువవాడికి ఒక తడి తగ్గుతుంది, దిగువవాడికి పంటే పోతుంది. తీరువా మాత్రం ఇద్దరి పేరా పడుతుంది.

కాబట్టి కాలువ దగ్గర తీరువా పెంచమని నేనూ అంటాను. అయితే కారణం వేరు: కాలువ గట్లు, లైనింగు, లస్కర్ల (కాలువ చూసుకునే మనుషుల) జీతాలు ఎవరో భరించాలి. పొదుపు కావాలంటే రేటు పెంచడం కంటే వంతు కట్టడం ముఖ్యం. కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలువ) కింద నీళ్లు తగ్గిన ఏడాది కొన్ని రోజులు వదిలి కొన్ని రోజులు ఆపే పద్ధతి పెడతారు. తిట్టుకుంటూనే రైతులు దానికి అలవాటు పడతారు. అధికారి గట్టివాడైతే అది పనిచేస్తుంది, మెత్తనివాడైతే ఎగువ ఊళ్ల ఒత్తిడికి రెండో వారమే తలుపులు లేస్తాయి.

ఎత్తిపోతల నీళ్లది ఇంకో లెక్క, ఇది చాలామంది వేయరు. హంద్రీ-నీవాలో శ్రీశైలం వెనుక జలాలను మాల్యాల దగ్గర తోడి, మెట్లు మెట్లుగా పైకి ఎక్కించి మన జీడిపల్లి రిజర్వాయరుకు తెస్తున్నారు. ఒక టీఎంసీని వంద మీటర్లు ఎత్తాలంటే, పంపులు బాగా పనిచేస్తే, సుమారు కోటి యూనిట్ల కరెంటు కావాలి. యూనిట్ ఏడు రూపాయలనుకుంటే ఏడు కోట్లు. టీఎంసీకి పదివేల ఎకరాల ఆరుతడి అనుకో, ప్రతి వంద మీటర్ల ఎత్తుకూ ఎకరా మీద ఏడువేలు. దాని మీద మనం కట్టే తీరువా వంద! ఈ నీళ్లు రాకూడదని నేను అనను. అవి వచ్చాకే చెరువులు నిండాయి, చెరువు కింద ఎండిన బోర్లు కొన్ని మళ్లీ పోశాయి, కళ్లారా చూశాను. ఇంత ఖరీదైన నీళ్లతో వరి పెట్టడం మాత్రం నాకు మింగుడుపడదు.

ఇక బోర్లు. నీ అసలు ప్రశ్న ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

ఉచిత కరెంటు ఒక్కరోజులో రాలేదు. ఒకప్పుడు మోటార్లకు మీటర్లుండేవి. 1980ల మొదట్లో ఎన్టీఆర్ హయాంలో హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయల స్లాబు వచ్చింది. అసలు కథ ఆ రోజే మారింది. మోటారు గంట తిరిగినా నెలంతా తిరిగినా బిల్లు ఒకటే అయ్యాక, ఇంకో గంట తోడడానికి అయ్యే ఖర్చు సున్నా. 2004 మే 14న రాజశేఖర రెడ్డి ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం పెట్టారు. దాంతో రైతు నెత్తిన బిల్లు భారం, పాత బకాయిల భయం పోయాయి. ఆ రోజుల్లో వరుస కరువులతో ఇక్కడ ఇళ్లెలా ఉన్నాయో చూసినవాణ్ని, ఆ మేలును తక్కువ చేయను. కానీ "ఇంకో గంట తోడితే ఎంత?" అన్న ప్రశ్నకు జవాబు స్లాబు కాలంలోనే సున్నా అయిపోయింది. ఉచితం ఆ సున్నాను అలాగే ఉంచింది.

ఆ సున్నా ఊళ్లో ఎలా కనిపిస్తుందంటే, ఆటో స్టార్టర్. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటారు దానంతటదే తిరుగుతుంది, రైతు ఇంట్లో నిద్రపోతాడు. రాత్రిపూట సరఫరా ఇచ్చిన కాలంలో అది తప్పు కూడా కాదు. చీకట్లో పాముల మధ్య మోటారు వేయడానికి వెళ్లి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ప్రతి మండలంలోనూ ఉన్నారు. పగటిపూట తొమ్మిది గంటలు ఇస్తున్నాక కూడా ఆటోలు మాత్రం పోలేదు. మడి నిండి గట్టు తెగి బాటమీదికి పారుతున్నా మోటారు ఆగదు. ఉచిత కరెంటు ఇచ్చిన కొత్తలో ఐఎస్ఐ మోటారు, కెపాసిటర్, రాపిడి తక్కువుండే ఫుట్‌వాల్వు, మంచి పైపులు ఉండాలని షరతులు పెట్టారు. కెపాసిటర్లు బిగించిన చోట ట్రాన్స్‌ఫార్మర్లు కాలడం తగ్గింది. ఆ తర్వాత పట్టించుకున్నవాడు లేడు. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే రైతులే చందాలేసుకుని ట్రాక్టరులో తీసుకెళ్లడం మామూలైపోయింది. ఉచితం అనే మాటలో ఈ చందాలు, కాలిన మోటార్ల వైండింగు ఖర్చులు ఎక్కడా కనిపించవు.

ఇప్పుడు యూనిట్ లెక్కన డబ్బు తీసుకుంటే ఏమవుతుందో చూద్దాం. వంద మీటర్ల లోతు నుంచి ఘనపు మీటరు, అంటే వెయ్యి లీటర్లు, పైకి తేవడానికి మన మోటార్ల పనితీరుకు సుమారు ముప్పాతిక యూనిట్‌కు కొంచెం తక్కువ పడుతుంది. ఎకరా వరికి మూడువేల మూడొందల యూనిట్లు. ఏడు రూపాయల లెక్కన 23 వేలు! వేరుశనగకు 500 మిల్లీమీటర్లు చాలనుకుంటే తొమ్మిదిన్నర వేల చిల్లర. లోతు రెండు వందల మీటర్లయితే రెండింటికీ రెట్టింపు. కాబట్టి పూర్తి రేటు వేస్తే బోరు కింద వరి పోతుంది, అందులో సందేహం లేదు.

కానీ ఆగు. బోరు కింద వరి మన జిల్లాలో ఇప్పటికే చాలావరకు పోయింది. దాన్ని పోగొట్టింది బిల్లు కాదు, లోతు. రెండించుల నీళ్లు ఇంచుకు పడిపోయాక వరి పెట్టాలని ఉన్నా పెట్టలేడు. ఇప్పుడు బోర్ల కింద ఉన్నవి చీనీ, అరటి, దానిమ్మ, టమోటా, కొంత వేరుశనగ. పూర్తి రేటు పడితే టమోటా రైతు ఏమంటాడు? పత్తికొండ మార్కెట్లో కిలో రూపాయికి పోయిన ఏడాది రోడ్డు మీద పారబోస్తాడు, అరవైకి పోయిన ఏడాది కరెంటు బిల్లును లెక్కచేయడు. ధర ఇంతలా ఊగే పంటకు నీటి రేటు చూసి పొదుపు చేసేవాడు ఉండడు. బిల్లు కట్టలేక ముందు చేతులెత్తేసేది ఎకరా రెండెకరాల వేరుశనగ రైతు. అరటి తోట పదెకరాలున్న ఆసామి కడతాడు, తోడతాడు.

ఇంకో సంగతి. మన ఊళ్లలో నీటికి ధరే లేదన్నట్టు అడిగావు కదా. ఉంది. బోరులేనివాడు పక్క చేని బోరు నుంచి నీళ్లు పెట్టించుకుంటే చాలాచోట్ల పంటలో మూడో భాగం ఇస్తాడు. ఎకరాకు పది బస్తాలు పండితే మూడు బస్తాల పైన నీళ్లకే పోయాయి. తోడిన కరెంటుకు బోరు రైతు పైసా కట్టలేదు. ప్రభుత్వమిచ్చిన రాయితీ బోరున్నవాడి దగ్గర ఆగిపోయింది, లేనివాడు మార్కెట్ ధర కడుతున్నాడు. వర్షాధారంగా కంది, వేరుశనగ వేసుకునేవాడికి ఈ మొత్తం లెక్కలో వాటానే లేదు.

బోరున్నవాడు కూడా నీటి ధర కడుతున్నాడు, వేరే చోట. తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి బోరు వేసే రిగ్గు లారీ దిగుతుంది. అడుగుకు వంద రూపాయలనుకున్నా ఎనిమిది వందల అడుగులకు ఎనభై వేలు. కేసింగు, మోటారు, కేబులు, పైపులు కలిపితే రెండు లక్షలు దాటుతుంది. నీళ్లు పడక దుమ్ము లేస్తే ఆ ఎనభై వేలు దుమ్ములోనే. కరెంటు బిల్లులాగా ఇది నెలనెలా కొంచెం కొంచెంగా కట్టేది కాదు. అప్పుచేసి, బంగారం కుదువబెట్టి ఒక్కసారిగా కట్టేది. అదీ ఫలితం తెలియకుండా. అనంతపురం రైతు అప్పుల మూలాలు తవ్వితే కరెంటు బిల్లు కనిపించదు, ఎండిన బోర్లు కనిపిస్తాయి. ఉచిత కరెంటు వల్ల అందరూ ఎక్కువ తోడతారు, నీటిమట్టం దిగుతుంది, దిగినందుకు అందరూ కొత్త బోర్లకు డబ్బు పెడతారు. అంటే బిల్లు రూపంలో మాఫీ అయిన సొమ్మును రిగ్గుకు కడుతున్నాం.

2020లో వైఎస్సార్ జలకళ పేరుతో ప్రభుత్వమే బోర్లు వేయించింది. నీళ్లు లేని పేద రైతుకు ఒక్క బోరు న్యాయమే. కానీ నీళ్లు ఒకే గుండంలోవి. కొత్త బోరు కొత్త నీళ్లు తేదు, పక్కవాడి వాటాను పంచుకుంటుంది. బోర్ల మధ్య దూరం, అనుమతులు, నీరు అతిగా తోడిన గ్రామాలను గుర్తించడం ఇవన్నీ 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టంలో ఉన్నాయి. రాత్రికి రాత్రి రిగ్గు వచ్చి పోయే ఊళ్లో ఆ చట్టాన్ని ఎవరు చూస్తారో నీకే తెలియాలి.

డ్రిప్పు గురించి చెబితే నా పాత సహోద్యోగులకు కోపం వస్తుందేమో. ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మసేద్య పథకం 2003 నవంబరులో మొదలైంది. మన జిల్లా దాన్ని గట్టిగా అందిపుచ్చుకుంది. దిగుబడి పెరిగింది, కూలి ఖర్చు తగ్గింది, ఎరువు నేరుగా వేరుకే అందుతోంది. చెట్టు లెక్కన చూస్తే నీరు ఆదా అయిన మాట నూటికి నూరుపాళ్లు నిజం. బోరు లెక్కన చూస్తే చాలాచోట్ల చుక్క కూడా ఆదా కాలేదు. పుట్లూరు వైపు నేను బాగా ఎరిగిన ఒక రైతుకు రెండెకరాల చీనీ ఉండేది, పాదుల్లో నీళ్లు పెట్టేవాడు. డ్రిప్పు వేశాక అదే బోరుతో నాలుగెకరాలైంది. మంచిదేగా అన్నారు అందరూ, నేనూ అన్నాను. మోటారు మాత్రం ఎప్పటిలాగే కరెంటు ఉన్నంతసేపూ తిరుగుతూనే ఉంది. పాదుల్లో పెట్టినప్పుడు కొంతైనా తిరిగి భూమిలోకి ఇంకేది, ఇప్పుడు అదీ లేదు. వానలు తగ్గిన మొదటి ఏడాదికే బోరు తడబడింది.

ఇక్కడ ఇంకో సూక్ష్మముంది, దీన్ని పథకాలు రాసేవాళ్లు పట్టించుకోరు. వేరుశనగ వేసేవాడు కరువొస్తే ఆ సీజను చేను బీడు పెడతాడు. చీనీ చెట్టును బీడు పెట్టలేడు. కాపుకు రావడానికి ఐదేళ్లు పెంచిన చెట్టు ఒక్క వేసవిలో ఎండితే ఐదేళ్లూ పోయినట్టే. అందుకే ట్యాంకర్లు, అందుకే ఇంకో బోరు, ఇంకో అప్పు. డ్రిప్పు రాయితీ, మొక్కల రాయితీ, ఉపాధి హామీలో గుంతలు తీసే డబ్బు అన్నీ తోటల వైపే నెట్టాయి. తోటల వల్ల లాభపడిన ఊళ్లున్నాయి. అరటి తాడిపత్రి నుంచి రైల్లో ముంబై ఓడరేవుకు వెళ్లి దేశం దాటిందంటే చిన్న విషయం కాదు. కానీ ఏటా 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో, కరువు ఏడాది కూడా తగ్గించుకోలేని నీటి అవసరాన్ని మనమే రాయితీ ఇచ్చి నాటించాం. ఇలా తగ్గించలేని నీటి అవసరం ముందు యూనిట్ రేటు దాదాపు పనిచేయదు. చెట్లు ఎండుతుంటే రైతు ఎంతైనా కడతాడు.

మద్దతు ధర సంగతి రెండు మాటల్లో. 2024-25లో వరికి క్వింటాలుకు 2,300, రాగికి 4,290, వేరుశనగకు 6,783. కాగితం మీద రాగి బ్రహ్మాండంగా ఉంది. బియ్యం మాత్రం రేషన్‌కు కావాలి కాబట్టి ప్రభుత్వం కొంటుంది, కొనకపోయినా మిల్లరు కొంటాడు. రాగులు ఆ ధరకు పూచీగా కొనేవాడు ప్రతి ఊళ్లో ఉంటే నీటి రేటుతో పనిలేకుండానే పంటలు మారతాయని నా నమ్మకం. హాస్టళ్లకు, రేషన్‌కు రాగులూ జొన్నలూ కొనమని అడగడం మీటర్లు పెట్టమని అడగడం కంటే తక్కువ గొడవ.

వేరే రాష్ట్రాలు ఏంచేశాయని కొందరు అడుగుతారు. గుజరాత్ 2003 నుంచి జ్యోతిగ్రామ్ కింద ఊరి ఫీడరును (కరెంటు లైనును), పొలాల ఫీడరును వేరు చేసింది. పొలానికి రోజుకు ఎనిమిది గంటలు, చెప్పిన వేళకు, పూర్తి వోల్టేజితో. అంటే అక్కడ పొదుపు పని ఎక్కువగా చేసింది గంటల కోత. పశ్చిమ బెంగాల్ 2007 నుంచి మోటార్లకు మీటర్లు పెట్టి యూనిట్ లెక్కన వసూలు చేస్తోంది, అక్కడ అది సాధ్యపడింది కూడా. కానీ అక్కడ నీళ్లు పైపైనే, వాన మనకు మూడింతలు. అదే మందు మన రాతినేలకు పనిచేస్తుందనుకోలేం. పంజాబులో 2018లో పొదుపు చేసిన యూనిట్లకు రైతుకే డబ్బిచ్చే పథకం మొదలైంది. ఈ ఆలోచన నాకు నచ్చింది: ఉచితాన్ని లాక్కోలేదు, వాడనిదానికి ధర కట్టారు.

మన దగ్గరా 2020లో మోటార్లకు మీటర్లు పెట్టి, రాయితీ డబ్బును రైతు ఖాతాలో వేసి, అక్కణ్నుంచి డిస్కంకు (కరెంటు పంపిణీ సంస్థకు) కట్టించాలని శ్రీకాకుళంలో మొదలుపెట్టారు. రైతులు భయపడ్డారు. నెలనెలా బిల్లు కళ్లముందు పెట్టి, ఒకరోజు డబ్బు వేయడం ఆపేస్తే? రాష్ట్ర ప్రభుత్వం అదనపు అప్పు తెచ్చుకునే షరతుల్లో అది ఒకటని పేపర్లలో వచ్చాక ఆ భయం ఇంకా పెరిగింది. రైతు అనుమానం అన్యాయం కాదు. నా అభిప్రాయం: ఒక్కో మోటారుకు వద్దు, ట్రాన్స్‌ఫార్మరుకు ఒక మీటరు చాలు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద పదీ పదిహేను మంది రైతులుంటారు. ఏడాదికి వాళ్ల మామూలు వాడకం ఇంత అని తేల్చి, అంతకంటే తగ్గిస్తే ఆ మిగిలిన యూనిట్ల డబ్బులో సగం వాళ్లకే ఇవ్వాలి. వాళ్లలో వాళ్లు ఆటో స్టార్టర్లు పీకేస్తారు, లైన్‌మన్ చెప్పక్కర్లేదు.

ఇది పగటికల కాదనడానికి నేను చూసిన ఉదాహరణ ఒకటి చెబుతాను. 2000ల మధ్యలో మన ఏడు కరువు జిల్లాల్లో, అనంతపురం, కడప, కర్నూలుతో సహా, రైతులే భూగర్భ జలాన్ని లెక్కపెట్టుకునే ప్రాజెక్టు నడిచింది, ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో. ఊళ్లో వర్షమాపకం, బోర్ల మట్టం కొలిచే రైతులు, గోడ మీద అంకెలు. రబీకి ముందు అందరూ కూర్చుని, వాన ఇంత పడింది, ఇంత ఇంకింది, అందరూ వరి వేస్తే ఇంత కావాలి, ఇంత తక్కువ పడుతుంది అని లెక్క వేసుకునేవారు. ఎవరికీ ఆంక్ష లేదు, జరిమానా లేదు. అయినా చాలామంది వరి మడి సగానికి తగ్గించుకున్నారు, ఎందుకంటే మార్చిలో బోరు ఆగుతుందని డిసెంబరులోనే కనిపించింది. లోపం కూడా చెప్పాలి: ప్రాజెక్టు మనుషులు వెళ్లిపోయాక చాలా ఊళ్లలో గోడ మీద అంకెలు మార్చేవాళ్లు లేకుండా పోయారు. ఆ పనికి ఊరికొకరికి జీతమిస్తే అయ్యే ఖర్చు, మనం ఎకరా వరికి ఉచితంగా ఇచ్చే కరెంటుతో పోలిస్తే ఏపాటిది?

ఇక మీ నాన్న సంగతి. ఆరెకరాలంటున్నావు, మిడ్‌పెన్నారు డ్యాం మీ మండలంలోనే ఉంది. నీ చేను కాలువ కిందికి వస్తుందో లేదో చెప్పలేదు. వస్తే పక్కనే చిన్న నీటి కుంట తవ్వించి, కాలువ పారే రోజుల్లో నింపుకుని డ్రిప్పుకు వాడుకోవడం కొత్త బోరు కంటే నమ్మకం. రాకపోతే, కొత్త బోరుకు ముందు ఉన్న బోరును పరీక్షించండి: మే నెలలో ఆరుగంటలు ఏకధాటిగా నడిపి, గంటకోసారి బకెట్టుతో కొలిచి రాయండి. మొదటి గంటకూ చివరి గంటకూ మధ్య సగానికి పైగా పడిపోతే ఆ పొరలో నీళ్లు లేవు, పక్కన ఇంకో బోరు వేసినా ఉన్నవాటినే పంచుకుంటుంది. అప్పుడు ఎకరాన్నర తోట, మిగతాది వానకు కంది, కొర్ర అని గీత గీసుకోవాలి. పక్క చేని రైతు కూడా కొత్త బోరు ఆలోచనలో ఉంటే, ఇద్దరూ కలిసి ఒకే బోరు నుంచి పైపు వేసుకుని వంతులు పెట్టుకోండి. మా ఊళ్లో అన్నదమ్ములు కాని నలుగురు అలా నడుపుతున్నారు. రోజుల వంతు కాగితం మీద రాసి నలుగురూ సంతకం పెట్టుకున్నారు, గొడవలు తక్కువ.

డ్రిప్పు ఇప్పటికే ఉండి ఏడేళ్లు దాటితే మళ్లీ రాయితీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. చెట్ల వరుసల వెంట వేసిన పాత లేటరల్ పైపులు ఉప్పుతో పూడిపోయి ఉంటే ముందు ఆసిడ్ పట్టించి చూడండి, సగం డ్రిప్పర్లు బతుకుతాయి. ఫిల్టరు ముందూ వెనకా ప్రెజర్ ఎంతుందో, బోరు బకెట్టు లెక్కతో కలిపి ఇక్కడే రాయి. ఎన్ని చెట్లకు సరిపోతుందో లెక్కకట్టి చెబుతాను.